ట్యూబ్ ఆంప్‌ని పవర్ ఆంప్‌కి కలిపేటప్పుడు "మ్యాచింగ్" అనే మాటే తికమక పెడుతుంది

సొంతంగా సోల్డర్ చేసుకున్న ట్యూబ్ ప్రీఆంప్‌ని (చిన్న సిగ్నల్‌ని ముందుగా పెంచే పెట్టె) మొదటిసారి ఒక ట్రాన్సిస్టర్ పవర్ ఆంప్‌కి (స్పీకర్‌ని తోలే పెట్టె) తగిలించినప్పుడు సౌండ్ అయితే వచ్చింది కానీ గొంతు నొక్కి పట్టుకున్నట్టు వచ్చింది. వాల్యూమ్ ముప్పావు వంతు తిప్పినా పలుకు లేదు, ఇంకా తిప్పితే సౌండ్ పెరగాల్సింది పోయి గరగరలాడటం మొదలైంది. అదే ప్రీఆంప్‌ని ఒక ట్యూబ్ పవర్ ఆంప్‌కి పెడితే గది నిండిపోయేది. ట్యూబులు మార్చి చూసా, వైరింగ్ మొత్తం ఊడదీసి మళ్ళీ వేసా, రెండు రోజులు పోయాయి. చివరికి తేలింది ఏంటంటే రెండు పెట్టెలూ బాగానే ఉన్నాయి, తేడా అంతా ఆ రెండిటినీ కలిపే చోట ఉంది.

దీన్ని అందరూ ఇంపీడెన్స్ (ఏసీ సిగ్నల్‌కి సర్క్యూట్ చూపించే అడ్డు, ఓమ్స్‌లో కొలుస్తారు) మ్యాచింగ్ ప్రాబ్లెమ్ అంటారు, నేను కూడా ఆ పేరుతోనే వెతుక్కుంటూ వెళ్ళా, కానీ ఆ పేరే మనల్ని తప్పు దారి పట్టిస్తుంది. మ్యాచింగ్ అనగానే అటు 600 ఓమ్స్ ఉంటే ఇటు కూడా 600 ఓమ్స్ ఉండాలి, రెండూ సమానం అయితేనే పొంతన కుదిరినట్టు అనుకుంటాం. ప్రీఆంప్‌కీ పవర్ ఆంప్‌కీ మధ్య కావాల్సింది దానికి పూర్తిగా ఉల్టా. సిగ్నల్ ఇచ్చే వైపు ఇంపీడెన్స్ వీలైనంత తక్కువ ఉండాలి, తీసుకునే వైపు వీలైనంత ఎక్కువ ఉండాలి, కనీసం పది రెట్లు తేడా ఉంటే హాయి. దీన్ని బ్రిడ్జింగ్ అంటారు.

ఒక బావి అనుకోండి. ఊట బాగా ఉన్న బావిలో మోటారు పెట్టి తోడినా నీటి మట్టం పెద్దగా దిగదు. ఊట సన్నగా ఉన్న బావిలో చేంతాడుతో బిందెడు బిందెడు తోడుకుంటే మట్టం నిలబడుతుంది, అదే మోటారు పెడితే కాసేపటికి అడుగు కనపడుతుంది. ఔట్‌పుట్ ఇంపీడెన్స్ ఎక్కువ ఉండటం అంటే ఊట సన్నగా ఉండటం. ఇన్‌పుట్ ఇంపీడెన్స్ తక్కువ ఉండటం అంటే మోటారు పెట్టి తోడటం. నీటి మట్టం అంటే మన సిగ్నల్ వోల్టేజ్. పవర్ ఆంప్‌కి కావాల్సింది ఆ మట్టం ఎంత ఉందో తెలియడమే, నీళ్ళు దానికి అక్కర్లేదు, ఎందుకంటే స్పీకర్‌ని తోలే పవర్ అంతా దాని సొంత సప్లై నుంచి వస్తుంది.

మరి ఈ సమానం అనే మాట ఎక్కడి నుంచి వచ్చింది అంటే పాత టెలిఫోన్ లైన్ల నుంచి. సోర్స్ నుంచి లోడ్‌కి మాక్సిమం పవర్ వెళ్ళాలంటే రెండిటి రెసిస్టెన్స్ సమానంగా ఉండాలని యాకోబీ అనే ఆయన 1840 ప్రాంతంలోనే చెప్పాడు. టెలిఫోన్ లైన్లు కిలోమీటర్ల కొద్దీ ఉంటాయి, మధ్యలో వచ్చిన ఆ కాస్త పవర్‌నీ వదులుకోలేరు, పైగా అంత పొడుగు లైన్‌లో చివర సరిగ్గా మ్యాచ్ చెయ్యకపోతే సిగ్నల్ వెనక్కి తన్ని ప్రతిధ్వనిలా వినిపిస్తుంది, అందుకని 600 ఓమ్స్ అని ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఆ తర్వాత రేడియో స్టేషన్లు, స్టూడియోలు అదే పద్ధతి అందుకున్నాయి. ఆడియో లెవెల్స్ కొలవడానికి ఇప్పటికీ మనం వాడే 0.775 వోల్ట్ లెక్క అక్కడిదే, 600 ఓమ్స్‌లో 1 మిల్లీవాట్ పుట్టించే వోల్టేజ్ అది. కానీ మన గదిలో కేబుల్ రెండు మూడు మీటర్లు. 20 కిలోహెర్ట్జ్ సిగ్నల్‌కి కేబుల్‌లో ఒక తరంగం పొడుగే సుమారు 10 కిలోమీటర్లు, కాబట్టి వెనక్కి తన్నడం అనే గొడవే ఇక్కడ లేదు.

ఇప్పుడు నా ప్రీఆంప్ కథకి వస్తా. చివరి స్టేజ్‌లో 12ఏఎక్స్7 ట్యూబ్, ప్లేట్‌కి (ట్యూబ్‌లో ఎలక్ట్రాన్లు చేరే వైపు) 100 కిలో ఓమ్స్ (100 కే) రెసిస్టర్, ప్లేట్ దగ్గర నుంచే కెపాసిటర్ ద్వారా ఔట్‌పుట్. ఆ ట్యూబ్ లోపలి ప్లేట్ రెసిస్టెన్స్ 62 కిలో ఓమ్స్ చుట్టుపక్కల ఉంటుంది, దానికి 100 కే పారలల్‌గా వస్తే ఔట్‌పుట్ ఇంపీడెన్స్ సుమారు 38 కిలో ఓమ్స్. ట్యూబ్ పవర్ ఆంప్ ఇన్‌పుట్ అయితే 100 కే నుంచి 1 మెగ్ (1000 కే) దాకా ఉంటుంది, దానికి ఈ 38 కే పెద్ద ఇబ్బంది కాదు. ట్రాన్సిస్టర్ పవర్ ఆంప్ ఇన్‌పుట్ మాత్రం మామూలుగా 10 కే నుంచి 47 కే మధ్యలో ఉంటుంది, నాది 10 కే. అక్కడ కావాలనే తక్కువ పెడతారు, ఇన్‌పుట్ ట్రాన్సిస్టర్లు కాస్త బయాస్ కరెంట్ లాగుతాయి, ఆ రెసిస్టర్ పెద్దదైతే నాయిస్, డీసీ ఆఫ్‌సెట్ రెండూ పెరుగుతాయి. లెక్క కడితే ఆ స్టేజ్ 1 మెగ్ లోడ్‌కి 59 రెట్ల గెయిన్ ఇచ్చేది 10 కే లోడ్‌కి 13 రెట్లకి పడిపోతుంది, అంటే 13 డెసిబెల్స్ పైనే గల్లంతు. నేను వాల్యూమ్ తిప్పుతున్నకొద్దీ ఏం జరిగేదంటే ఆ పోయిన సౌండ్ కోసం ట్యూబ్‌ని ఇంకా ఇంకా గట్టిగా తోలేవాడిని, 1 మిల్లీ ఆంపియర్ చుట్టుపక్కల కరెంట్‌తో నడిచే చిన్న ట్యూబ్ అది, పాపం ఎంతని ఇస్తుంది, అందుకే ఆ గరగర.

ఔట్‌పుట్‌లో వాల్యూమ్ పాట్ (తిప్పితే విలువ మారే రెసిస్టర్) పెట్టి నేరుగా దాని మధ్య కాలు నుంచి సిగ్నల్ తీసే డిజైన్లు కూడా ఉంటాయి, వాటిలో ఇంకో చిక్కు. 100 కే పాట్‌ని రెసిస్టెన్స్ సగానికి సగం అయ్యే చోట పెడితే ముందు స్టేజ్ ఎంత మంచిదైనా సరే పాట్ వల్లే ఔట్‌పుట్ ఇంపీడెన్స్ 25 కే అవుతుంది. పాట్ పూర్తిగా పైకి తిప్పితే బాగుంటుంది, మధ్యలో పెడితే నీరసంగా ఉంటుంది అని ఎవరైనా అంటే మొదట చూడాల్సింది ఇదే.

సరే, దీనికి మందు క్యాథోడ్ ఫాలోయర్ అని చదివా. ప్లేట్ బదులు క్యాథోడ్ (ఎలక్ట్రాన్లు బయల్దేరే వైపు) నుంచి సిగ్నల్ తీస్తారు, గెయిన్ ఒకటికి కాస్త తక్కువే వస్తుంది కానీ ఔట్‌పుట్ ఇంపీడెన్స్ బాగా దిగిపోతుంది. 12ఏఎక్స్7 అయితే 600 ఓమ్స్ ప్రాంతం, 12ఏయూ7 అయితే 450, 6డీజే8 లాంటి ట్యూబ్ అయితే 100 ఓమ్స్ లోపే. 12ఏఎక్స్7 అంటే ఒకే గాజు బుడ్డిలో రెండు ట్యూబులు, అందులో మిగిలిన సగంతో ఫాలోయర్ కట్టా, సౌండ్ లేచి కూర్చుంది, కానీ ఇప్పుడు బాస్ పోయింది! ముందు తక్కువగా అయినా కింద సౌండ్ ఉండేది, ఇప్పుడు సౌండ్ గట్టిగా ఉంది కానీ కింద అంతా ఖాళీ. ఇది నాకు అస్సలు అర్థం కాలేదు, ఇంపీడెన్స్ బాగుచేస్తే బాస్ ఎందుకు పోవాలి.

పోవడానికి కారణం ఆ ఔట్‌పుట్ కెపాసిటర్. ట్యూబ్ ప్లేట్ మీదో క్యాథోడ్ మీదో వంద వోల్టుల పైన డీసీ ఉంటుంది, దాన్ని ఆపి సిగ్నల్‌ని మాత్రం వదలడానికి ఆ కెపాసిటర్ పెడతారు. ఆ కెపాసిటర్, దానికి అటూ ఇటూ ఉన్న రెసిస్టెన్స్‌ల మొత్తం కలిసి ఒక హైపాస్ ఫిల్టర్ అవుతాయి, కెపాసిటర్ చిన్నదైనా రెసిస్టెన్స్ తక్కువైనా కింద ఫ్రీక్వెన్సీలు తెగిపోతాయి. నా దాంట్లో 0.22 మైక్రోఫారడ్ ఉంది. ముందు 38 కే, 10 కే కలిపి 48 కే, కాబట్టి కట్ అయ్యేది 15 హెర్ట్జ్ దగ్గర, ఎవరికీ వినపడదు. ఫాలోయర్ పెట్టాక 38 కే పోయి 600 ఓమ్స్ వచ్చింది, మొత్తం 10.6 కే, దాంతో కట్ 68 హెర్ట్జ్‌కి ఎక్కి కూర్చుంది. బాస్ గిటార్ అన్నిటికన్నా కింద తీగ 41 హెర్ట్జ్, అది ఎలా వినపడుతుంది. 0.22 తీసి 2.2 మైక్రోఫారడ్ ఫిల్మ్ కెపాసిటర్ వేసా, 7 హెర్ట్జ్ కిందకి దిగింది, ఆ రోజు రాత్రి ఒక్కో రికార్డ్ మళ్ళీ మొదటి నుంచి విన్నా.

అందుకే స్పెసిఫికేషన్ కాయితం చూసి 600కి 10 కే అంటే పది రెట్లు దాటింది కదా ఇంకేం పర్లేదు అనుకుని వదిలెయ్యకండి, ఆ నిష్పత్తి సౌండ్ ఎంత పోతుందో చెప్తుంది, బాస్ ఎక్కడ తెగుతుందో చెప్పదు. పది రెట్లు ఉంటే నష్టం 0.83 డెసిబెల్, సమానంగా ఉంటే 6 డెసిబెల్స్, ఇదీ దాని లెక్క, అంతవరకే. బాస్ సంగతి తెలియాలంటే కెపాసిటర్ విలువ చూడాల్సిందే. 0.47 మైక్రోఫారడ్ అయితే 100 కే ఇన్‌పుట్‌కి 3.4 హెర్ట్జ్, 10 కే ఇన్‌పుట్‌కి 34 హెర్ట్జ్. ట్యూబ్ పవర్ ఆంప్‌ల కోసం డిజైన్ చేసిన ప్రీఆంప్‌లు ట్రాన్సిస్టర్ ఆంప్‌తో పల్చగా వినిపించడానికి చాలాసార్లు కారణం ఇంతే.

ఆ 600 ఓమ్స్ అనే అంకెలో ఇంకో ఉచ్చు ఉంది. ఔట్‌పుట్ ఇంపీడెన్స్ 600 అని రాసి ఉంటే అది 600 ఓమ్స్ లోడ్‌ని తోలగలదు అని కాదు. క్యాథోడ్ ఫాలోయర్ ఇంపీడెన్స్ చిన్న సిగ్నల్‌కి కట్టిన లెక్క, కరెంట్ ఇవ్వగల సత్తా వేరు. 10 కే లోడ్ మీద 2 వోల్టులు ఇవ్వాలంటే పీక్‌లో 0.28 మిల్లీ ఆంపియర్ చాలు, అదే 2 వోల్టులు 600 ఓమ్స్ మీద ఇవ్వాలంటే 4.7 మిల్లీ ఆంపియర్ కావాలి, 1 మిల్లీ ఆంపియర్‌తో కూర్చున్న ట్యూబ్ అది ఎక్కడి నుంచి తెస్తుంది. ఊట మంచిదే కానీ బావే చిన్నది, అంతే తేడా.

ట్రెబుల్ సంగతి కూడా చెప్పాలి, ఇది కేబుల్‌తో వచ్చే తంటా. మామూలు షీల్డ్ కేబుల్‌కి మీటరుకి 100 పికోఫారడ్ దాకా కెపాసిటెన్స్ ఉంటుంది. 38 కే ఔట్‌పుట్‌తో 5 మీటర్ల కేబుల్ వేసి 1 మెగ్ ఇన్‌పుట్‌కి పెడితే 8 నుంచి 9 కిలోహెర్ట్జ్ మధ్యే పైసౌండ్ దిగిపోవడం మొదలవుతుంది, తాళాల మెరుపు పోతుంది. 600 ఓమ్స్ ఔట్‌పుట్ అయితే అదే కేబుల్‌తో 500 కిలోహెర్ట్జ్ దాటుతుంది. అంటే ట్యూబ్‌కి ట్యూబ్ పెట్టినా, పది రెట్ల రూల్ పాటించినా, కేబుల్ పొడుగైతే తక్కువ ఔట్‌పుట్ ఇంపీడెన్స్ కావాల్సిందే.

మీ ప్రీఆంప్ ఔట్‌పుట్ ఇంపీడెన్స్ ఎంతో తెలియకపోతే మల్టీమీటర్‌ని ఓమ్స్‌లో పెట్టి జాక్ మీద కొలవకండి, అందులో కనపడేది ఎక్కువసార్లు కెపాసిటర్ తర్వాత నేలకి పెట్టిన రెసిస్టర్, 470 కే అనో 1 మెగ్ అనో చూపించి కంగారు పెడుతుంది. సరైన పద్ధతి ఏంటంటే ఫోన్ నుంచి 400 హెర్ట్జ్ టోన్ ఒకటి చిన్న లెవెల్‌లో లోపలికి ఇచ్చి, ఔట్‌పుట్ ఖాళీగా ఉన్నప్పుడు ఏసీ వోల్టేజ్ చూడండి, తర్వాత ఔట్‌పుట్‌కి అడ్డంగా ఒక పాట్‌ని రెసిస్టర్‌లా పెట్టి వోల్టేజ్ సరిగ్గా సగం అయ్యేదాకా తిప్పండి, పాట్ తీసి దాని రెసిస్టెన్స్ కొలిస్తే అదే మీ ఔట్‌పుట్ ఇంపీడెన్స్. ఫ్రీక్వెన్సీ 400 ఎందుకంటే మామూలు మల్టీమీటర్లు అంతకన్నా పైకి వెళ్తే ఏసీ సరిగ్గా చూపించవు. ఇది లైన్ ఔట్‌పుట్‌కి మాత్రమే, ట్యూబ్ ఆంప్ స్పీకర్ ఔట్‌పుట్ మీద ఈ ప్రయోగం వద్దు.

లోపల చెయ్యి పెట్టే ధైర్యం లేనివాళ్ళకి తేలికైన దారి మధ్యలో ఒక బఫర్ (సిగ్నల్‌ని అలాగే ఉంచి ఔట్‌పుట్ ఇంపీడెన్స్ మాత్రం దించే సర్క్యూట్) పెట్టడం, ఆప్‌ఆంప్ అనే యాంప్లిఫయర్ ఐసీతో చేసిన చిన్న బఫర్ 1 మెగ్ ఇన్‌పుట్, 100 ఓమ్స్ ఔట్‌పుట్‌తో ఇద్దరినీ సంతోషపెడుతుంది. ట్యూబ్ సౌండ్ పోతుందేమో అని కొందరు బఫర్ అంటేనే ఇష్టపడరు, నా చెవికి మాత్రం మంచి బఫర్ వల్ల పోయేదానికన్నా 10 కే లోడ్ వల్ల పోయేది చాలా ఎక్కువ. ఇంకో దారి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్, 4కి 1 నిష్పత్తి ఉంటే ఇంపీడెన్స్ దాని వర్గం, 16 రెట్లు మారుతుంది, అంటే 10 కే ఇన్‌పుట్ ట్యూబ్‌కి 160 కేలా కనపడుతుంది, బదులుగా సిగ్నల్ 12 డెసిబెల్స్ తగ్గుతుంది. చేత్తో కట్టుకునేవాళ్ళకి ఒక్క మాట, ట్యూబ్ సర్క్యూట్‌లో 250 నుంచి 450 వోల్టుల డీసీ మామూలు, ప్లగ్ తీసాక కూడా కెపాసిటర్లలో నిలిచి ఉంటుంది, మీటర్‌తో సున్నా చూసుకున్నాకే వేలు పెట్టండి. కెపాసిటర్ మార్చేటప్పుడు వోల్టేజ్ రేటింగ్ ఆ హెచ్‌టీకి (ట్యూబులకి వెళ్ళే ఆ హై వోల్టేజ్ సప్లైకి) పైన ఉండాలి.

ఇంతవరకు చెప్పింది ప్రీఆంప్ గురించి. కానీ ట్యూబ్ ఆంప్‌ని పవర్ ఆంప్‌కి కలపాలి అని అడిగేవాళ్ళలో చాలామంది దగ్గర ఉండేది పూర్తి ట్యూబ్ ఆంప్, గిటార్ ఆంప్ లాంటిది, దాని టోన్ బాగుంది కాబట్టి ఇంకో పవర్ ఆంప్‌తో పెద్దగా వినాలని. ఇక్కడ కథ మొత్తం మారిపోతుంది, ఏ సాకెట్ నుంచి సిగ్నల్ తీస్తున్నారన్నదే ముఖ్యం.

స్పీకర్ ఔట్ నుంచి తీస్తే అక్కడ నిజంగానే మ్యాచింగ్ ఉంది. పవర్ ట్యూబులు తమకి కావాల్సిన లోడ్ వేల ఓమ్స్‌లో అడుగుతాయి, ఒక జత 6ఎల్6 ట్యూబులకి ప్లేట్ నుంచి ప్లేట్‌కి 6.6 కే మామూలు, స్పీకర్ చూస్తే 8 ఓమ్స్. ఈ రెండిటికీ పెళ్ళి చేసేది ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్, 29కి 1 దగ్గర చుట్లతో. 8 ఓమ్స్ ట్యాప్‌కి 4 ఓమ్స్ స్పీకర్ పెడితే ట్యూబులకి 3.3 కే కనపడుతుంది, 16 పెడితే 13.2 కే. ఇక్కడ కూడా సమానం అనేది లేదు చూడండి, 300బి ట్యూబ్ ప్లేట్ రెసిస్టెన్స్ 700 ఓమ్స్ అయితే దానికి ఇచ్చే లోడ్ 3 కే ప్రాంతం, తక్కువ డిస్టార్షన్‌తో మంచి పవర్ వచ్చే చోటు అది.

ఆ ట్రాన్స్‌ఫార్మర్‌కి లోడ్ లేకుండా సిగ్నల్ ఇస్తే ప్రమాదం. పవర్ ఆంప్ ఇన్‌పుట్ 10 కే అంటే 8 ఓమ్స్ ముందు లోడ్ లేనట్టే లెక్క. ట్యూబ్ కరెంట్ మారినప్పుడల్లా ట్రాన్స్‌ఫార్మర్‌లో దాచిన శక్తికి పోయే దారి ఉండదు, ప్రైమరీ వైపు వోల్టేజ్ ఎగిరి వేల వోల్టుల దాకా పోయి ఇన్సులేషన్ చిల్లులు పడొచ్చు, ట్యూబ్ సాకెట్ దగ్గర నిప్పురవ్వలు రావచ్చు. అటు పవర్ ఆంప్‌కీ కష్టమే, 50 వాట్ల ఆంప్ 8 ఓమ్స్ మీద 20 వోల్టులు ఇస్తుంది, పవర్ ఆంప్‌కి ఫుల్ పవర్ రావడానికి ఒక వోల్ట్ అటూ ఇటూగా చాలు.

కాబట్టి స్పీకర్ గానీ లోడ్ బాక్స్ (స్పీకర్ బదులు ఆ పవర్‌ని తినే పెట్టె) గానీ తప్పకుండా తగిలించి ఉండాలి, దానికి అడ్డంగా ఒక డివైడర్ (వోల్టేజ్‌ని పంచుకునే రెండు రెసిస్టర్లు) పెట్టి సిగ్నల్ తీసుకోవాలి. 10 కే, 560 ఓమ్స్ పెడితే 20 వోల్టులు 1 వోల్ట్ చిల్లరకి దిగుతుంది, ఔట్‌పుట్ ఇంపీడెన్స్ 530 ఓమ్స్, 10 కే ఇన్‌పుట్‌కి హాయిగా సరిపోతుంది. లోడ్ రెసిస్టర్ ఆంప్ వాట్లకి రెండింతల రేటింగ్ అయినా ఉండాలి, బాగా వేడెక్కుతుంది. డీఐ బాక్స్‌కి (సిగ్నల్‌ని మిక్సర్‌కి పంపే చిన్న పెట్టె) స్పీకర్ ఇన్‌పుట్ ఉంది కదా అదే లోడ్ అనుకుని స్పీకర్ పీకేసేవాళ్ళని చూసా, చాలా డీఐ బాక్సులు లోడ్‌గా పనిచెయ్యవు, వట్టి సిగ్నల్ తీసుకుంటాయి.

రెసిస్టర్ లోడ్‌తో టోన్ చప్పగా వస్తుందని చాలామంది బాధపడతారు, అది నిజమే. స్పీకర్ 8 ఓమ్స్ అని రాసి ఉన్నా అది ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర మాటే, బాస్ రెసొనెన్స్ దగ్గర చాలా రెట్లు ఎగురుతుంది, పైన మళ్ళీ మెల్లగా ఎక్కుతుంది. గిటార్ ట్యూబ్ ఆంప్ ఔట్‌పుట్ ఇంపీడెన్స్ తక్కువేమీ కాదు కాబట్టి ఆ ఎత్తుపల్లాలన్నీ సౌండ్‌లోకి వస్తాయి, మనం టోన్ అనుకునే దాంట్లో అది పెద్ద భాగం. వట్టి రెసిస్టర్‌కి ఆ ఎత్తుపల్లాలు లేవు, వెనకున్న ట్రాన్సిస్టర్ పవర్ ఆంప్ ఔట్‌పుట్ ఇంపీడెన్స్ ఓమ్‌లో చిన్న వంతు, అది స్పీకర్ మాట అసలు వినదు. రియాక్టివ్ లోడ్ బాక్సులు కాయిల్స్, కెపాసిటర్లు పెట్టి ఆ ఎత్తుపల్లాలని తిరిగి తెస్తాయి, కుదిరితే అదే వాడండి, లేదంటే అసలు స్పీకర్‌నే ఉంచి దాని మీద నుంచి తీసుకోండి.

ఎఫెక్ట్స్ సెండ్ (బయటి ఎఫెక్ట్స్ పెట్టెలకి సిగ్నల్ పంపే సాకెట్, అది తిరిగొచ్చేది రిటర్న్) నుంచి తీసుకుంటే ఇంత భయం లేదు, అది ప్రీఆంప్ సిగ్నలే, పైన చెప్పిన లెక్కలే వర్తిస్తాయి, కొన్నిట్లో ఫాలోయర్ ఉంటుంది, కొన్నిట్లో నేరుగా ప్లేట్ నుంచి వస్తుంది. ఒక్క జాగ్రత్త, చాలా ఆంప్‌లలో సిగ్నల్ దారిని తెంపే స్విచ్ రిటర్న్ జాక్‌లో ఉంటుంది, సెండ్‌లో ప్లగ్ పెట్టినంత మాత్రాన లోపలి పవర్ ట్యూబులకి సిగ్నల్ ఆగదు, అందుకని అప్పుడు కూడా స్పీకరో లోడో తగిలించే ఉంచాలి.

రెండు పెట్టెలు కలిపాక 50 హెర్ట్జ్ హమ్ వస్తే అది ఎక్కువగా గ్రౌండ్ లూప్ (రెండు పెట్టెల ఎర్త్‌లు రెండు దారుల్లో కలిసి చుట్టు ఏర్పడటం), మధ్యలో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టండి, ప్లగ్‌లో ఎర్త్ పిన్ మాత్రం ఎప్పుడూ తీసెయ్యకండి, హెచ్‌టీ ఛాసిస్‌కి తగిలిన రోజు అడ్డుపడేది అదొక్కటే.

ఆన్ చేసే వరస కూడా ఉంది. ట్యూబ్ చల్లగా ఉన్నప్పుడు కరెంట్ లాగదు కాబట్టి ప్లేట్ మీద పూర్తి హెచ్‌టీ నిలబడి ఉంటుంది, వేడెక్కేకొద్దీ వంద వోల్టుల పైన కిందకి దిగుతుంది, ఆ కదలిక అంతా కెపాసిటర్ దాటి పెద్ద తోపులా పవర్ ఆంప్‌లోకి వెళ్తుంది, ఇప్పుడు మనం బాస్ కోసం కెపాసిటర్ పెద్దది వేసాం కాబట్టి ఆ తోపు ఇంకా పొడుగ్గా ఉంటుంది. ప్రీఆంప్ ముందు ఆన్ చేసి ఒక నిమిషం ఆగి అప్పుడు పవర్ ఆంప్ ఆన్ చెయ్యండి, ఆపేటప్పుడు పవర్ ఆంప్ ముందు.